బానెట్ లోపల శుభ్రం చేసుకోవడం: నీళ్లు తక్కువ, బ్రష్షు ఎక్కువ

ఆయుధపూజకి రెండు రోజుల ముందు విజయనగరంలో అయినా, శ్రీకాకుళంలో అయినా వాటర్ సర్వీసింగ్ షాపుల ముందు బళ్లు బారులు తీరి ఉంటాయి. కడిగేవాళ్లకి ఊపిరి సలపదు. ఇంజను వేడి తగ్గకుండానే బానెట్ ఎత్తి, చక్రాల బురద కడిగిన గన్‌తోనే లోపల కూడా నాలుగు సార్లు కొట్టి వదిలేస్తారు. బండి తళతళలాడుతూ ఇంటికి వస్తుంది. మర్నాడు స్టార్ట్ చేస్తే కుదుపులు, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు. పండగ వెళ్లిన వారం మెకానిక్ షెడ్లకి వచ్చే బళ్లలో ఈ రకం కేసులు తప్పకుండా ఉంటాయి.

దుమ్ము పట్టినంత మాత్రాన ఇంజను ఆగదు. చేరకూడని చోట నీళ్లు చేరితే ఆగుతుంది. కాబట్టి ముప్పావు వంతు పని పొడి బ్రష్షుతో, తడిగుడ్డతో అయిపోవాలి. నీళ్లు చివర్న, ఐదు లీటర్లకి మించకుండా వాడాలి. మొత్తం మూడు గంటలు పెట్టుకోండి, అందులో సగం ఆరడానికే పోతుంది. అంత తీరిక లేని రోజున ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

పండగ కోసం చేసేటట్లయితే కనీసం వారం ముందే కానిచ్చేయండి. మన తీరంలో అక్టోబరంటే చెమ్మ నెల, తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెల రెండో వారంలోనే వచ్చాయి. ముసురు పట్టిన రోజు వైరింగ్ కనెక్టర్ల సందుల్లో తడి సాయంత్రానికి కూడా ఆరదు. ఎండ బాగా కాసే రోజు చూసుకుని పొద్దున్న తొమ్మిదికి నీడలో మొదలుపెట్టండి. రుద్దడం, తుడవడం అయ్యాక బండిని ఎండలోకి తోసి ఆరబెట్టుకోవచ్చు. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు. జిడ్డు వదలడానికి రాసిన మందు రాసినట్టే ఎండిపోయి ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు పడతాయి.

ఏమేం కావాలి

ఒక అంగుళం పెయింటు బ్రష్షు, గట్టి బ్రష్షు ఒకటి, పాత టూత్‌బ్రష్షులు రెండు. నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు లేదా ఉతికిన పాత బనీన్లు. కాటన్ వేస్ట్ వద్దు, దాని పోగులు బెల్టు పుల్లీల్లో, క్లిప్పుల్లో చిక్కుకుంటాయి. 10 నంబరు పానా, మందపాటి పాలిథీన్ సంచులు, వంటింటి అల్యూమినియం ఫాయిల్, రబ్బరు బ్యాండ్లు, చేతికి రబ్బరు గ్లోవ్స్, ముక్కుకి మాస్కు. నీళ్లు చల్లడానికి మొక్కలకి వాడే లీటరు, రెండు లీటర్ల చేతి స్ప్రేయరు సరిపోతుంది. అయితే కొత్తది కొనండి. చేనుకి పురుగుమందు కొట్టిన డబ్బాని ఎంత కడిగినా ఈ పనికి వాడకూడదు. నాజిల్‌లో మిగిలిన మందు మొహం ఎత్తులో పొగమంచులా లేస్తుంది.

మందు విషయానికొస్తే, నీటితో కలిపే ఇంజన్ డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) ఏ స్పేర్ పార్టుల షాపులోనైనా దొరుకుతుంది. సీసా మీద రాసిన పాళ్లే ప్రమాణం. అది లేకపోతే మామూలు జిడ్డుకి ఒక వంతు మందు, పది వంతుల నీళ్లు. గడ్డకట్టిన ఆయిల్ మరకలకి ఒకటికి నాలుగు కలుపుకోండి. జిడ్డు అంతగా లేకపోతే ఐదు లీటర్ల బకెట్‌లో 25 మిల్లీలీటర్ల కార్ షాంపూ చాలు.

చాలా ఊళ్లలో ఇప్పటికీ డీజిల్ కొట్టి కడుగుతారు. నల్లగా నిగనిగలాడి చూడ్డానికి బాగుంటుంది గానీ రేడియేటర్ గొట్టాల రబ్బరు డీజిల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది, బెల్టు జారుతుంది, ఆ జిడ్డు మీద మర్నాటి నుంచే రెట్టింపు దుమ్ము పేరుకుంటుంది. పెట్రోలు సంగతి చెప్పనక్కర్లేదు, బ్యాటరీ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. కాస్టిక్ సోడా, బాత్రూం యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తాయి. బట్టల సబ్బు పొడి కూడా క్షారమే, సందుల్లో పూర్తిగా కరగకుండా ఉండిపోతుంది.

నీళ్ల గురించి ఒక మాట. కళింగపట్నం, భావనపాడు వైపు తీరం ఊళ్లలో కొన్ని బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పు వదిలించడానికి ఉప్పునీళ్లే పోయడంలో అర్థం లేదు. కడగడానికి నది నీళ్ల కుళాయి గానీ పట్టి ఉంచిన వాననీళ్లు గానీ వాడండి. చివరి తుడుపుకి ఆర్‌ఓ నీళ్లు లీటరుంటే తెల్ల మరకలు పడవు.

చల్లారనివ్వండి, బ్యాటరీ విప్పండి

ఇంజను ఆపి కనీసం 45 నిమిషాలు ఆగండి. పైన చెయ్యి ఆనించి హాయిగా ఉంచగలిగితే చాలు. సైలెన్సరు మొదలయ్యే ఇనుప మేనిఫోల్డు అన్నిటికన్నా ఆలస్యంగా చల్లారుతుంది. దాని మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావొచ్చు, డీగ్రీజర్ పడితే ఘాటు పొగ వస్తుంది. రేడియేటర్ మూత జోలికి అసలు వెళ్లొద్దు. తాళం తీసేసినా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాను తనంతట తానే తిరుగుతుంది. చేతులు లోపల పెట్టే ముందు బ్యాటరీ విప్పాలనడానికి ఇదీ ఒక కారణం.

ఇగ్నిషన్ ఆపిన పది నిమిషాల తర్వాత, బ్యాటరీ మైనస్ టెర్మినల్ వదులు చేసి తీయండి. ముందు మైనస్ తీయాలి, పెట్టేటప్పుడు మైనస్ చివర్న పెట్టాలి. ఈ వరస ఎందుకంటే, కారు బాడీ మొత్తం మైనస్‌కి కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ నట్టు తిప్పుతుంటే పానా రెండో కొస బాడీకి తగిలితే షార్ట్ అయి నిప్పులు రాలతాయి. ఉంగరాలు, వాచీ, గాజులు ముందే తీసేయండి. తీసిన మైనస్ తీగకి గుడ్డ చుట్టి పక్కకి వంచండి, లేకపోతే వెనక్కి వచ్చి మళ్లీ తగులుతుంది. బ్యాటరీ విప్పాక గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి. కొన్ని బళ్లలో పవర్ విండో తనంతట తాను పైదాకా ఎక్కడం మానేస్తుంది. స్విచ్చిని పైకి కొన్ని సెకన్లు పట్టుకుంటే చాలా వాటిలో మళ్లీ దారిలో పడుతుంది.

హైబ్రిడ్ బళ్లలో, ఎలక్ట్రిక్ బళ్లలో ఆరెంజ్ రంగు తీగలు కనబడతాయి. అవి హై వోల్టేజివి. అక్కడ పొడిగుడ్డతో పైపైన తుడిచి మూసేయండి. సీఎన్‌జీ బండిలో గ్యాసు వాసన వస్తుంటే బానెట్ దించి, స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని ఇంటికే పిలవండి.

ఏది కప్పాలి

పని మొదలుపెట్టే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏ క్లిప్పు ఎక్కడ ఉండేదో తర్వాత తెలుస్తుంది, ఎక్కడ ఆయిల్ కారుతోందో కూడా కడిగేలోపే గుర్తుపట్టొచ్చు.

అన్నిటికన్నా ముందు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్. బెల్టుతో తిరిగే గుండ్రటి అల్యూమినియం భాగం, దాని చుట్టూ గాలి చీలికలు, వాటిలోంచి రాగి తీగ చుట్లు కనబడతాయి. నాలుగు చుక్కలు పడితే ఏం కాదు గానీ, సబ్బు కలిసిన జిడ్డు నీళ్లు లోపలికి దిగితే అందులో ఉండే కార్బన్ బ్రష్షుల మీద పేరుకుంటాయి, బేరింగులోని గ్రీజు కడుక్కుపోతుంది. ఆ రోజు బాగానే ఉంటుంది, రెండు నెలలకి కుయ్యిమని అరుపు మొదలవుతుంది. దీనికి పాలిథీన్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేయండి.

తర్వాత ఫ్యూజ్ బాక్సు, ఇంజను కంప్యూటర్ పెట్టె, గాలి ఫిల్టరు ముక్కు (ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి), స్పార్క్ ప్లగ్గుల పైన ఉండే కాయిళ్లు, బ్యాటరీ. ఫ్యూజ్ బాక్సు మూత సరిగ్గా పట్టిందో లేదో నొక్కి చూడండి. డిప్‌స్టిక్, ఇంజన్ ఆయిల్ మూత, బ్రేక్ ఆయిల్ మూత బిగుతుగా ఉన్నాయో చూసి ఫాయిల్ చుట్టండి. బ్రేక్ ఆయిల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. నీళ్లు కలిస్తే దాని మరిగే వేడి తగ్గిపోతుంది, అప్పుడు అరకు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడలు మెత్తబడిపోతుంది. అలా అవ్వాలని ఎవరూ కోరుకోరు.

ఇంజను మీద పెద్ద ప్లాస్టిక్ కవరు ఉంటే, కొన్ని బళ్లలో రబ్బరు బుడిపెల మీద కూర్చుని ఉంటుంది, నాలుగు మూలలా ఒక్కోటీ నెమ్మదిగా పైకి లాగితే వస్తుంది. కొన్నింటికి 10 నంబరు బోల్టులు ఉంటాయి. తీసి విడిగా కడుక్కోండి. బానెట్ అడుగున అతికించిన నల్ల ఫెల్టు మాత్రం తడపొద్దు. నీళ్లు పీల్చి బరువెక్కి క్లిప్పుల దగ్గర చిరుగుతుంది. మెత్తటి బ్రష్షుతో దులిపి వదిలేయండి.

ఏ ఊరి మురికి ఆ ఊరిది

నౌపడ ఉప్పు మడుల చుట్టుపక్కల, బారువ, భోగాపురం తీరంలో నిలిపే బళ్లలో అల్యూమినియం భాగాల మీద తెల్లటి పొడి, ఇనుప బ్రాకెట్ల మీద ఎర్ర తుప్పు ముందుగా కనిపిస్తాయి. బ్యాటరీ కింద రేకు అన్నిటికన్నా ముందు పోతుంది. ఇలాంటి బండికి మందు కన్నా మంచినీటి తడిగుడ్డ ముఖ్యం: తుడవడం, గుడ్డ పిండడం, మళ్లీ తుడవడం. గుడ్డని రెండు బకెట్ల పద్ధతిలో, ఒకదాంట్లో పిండి రెండోదాంట్లో తడుపుతూ ఉంటే ఉప్పు మళ్లీ లోహానికి అంటదు. ఆరాక బ్రాకెట్లకి, బోల్టు తలలకి, బానెట్ కబ్జాలకి తుప్పు నిరోధక స్ప్రేని గుడ్డ మీద కొట్టి రాయండి. బెల్టుకి, రబ్బరు గొట్టాలకి తగలకూడదు.

గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు లారీల దారుల్లో నల్లటి సన్న దుమ్ము, టెక్కలి గ్రానైట్ క్వారీల వైపు బూడిద రంగు రాతి పొడి పడతాయి. రెండింటినీ బ్లోయరుతో ఊదడం మంచిది కాదు. ఊదితే మీ ఊపిరితిత్తుల్లోకీ ఫిల్టరు లోపలికీ పోతాయి. వ్యాక్యూమ్ క్లీనరుకి బ్రష్షు తగిలించి పీల్చడం ఉత్తమం, అది లేకపోతే గుడ్డని కొద్దిగా తడిపి ఒత్తి ఒత్తి ఎత్తేయండి. మాస్కు తప్పనిసరి.

వరి కోతల కాలంలో ట్రాక్టర్లకీ ఆటోలకీ వేరే బెడద. తాలు, పొట్టు, గడ్డిముక్కలు రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుని గాలి ఆడదు, ఇంజను వేడెక్కుతుంది. వాటిని గట్టి బ్రష్షుతో రుద్దితే సన్నటి రెక్కలు మడిచేసుకుంటాయి. మెత్తటి బ్రష్షుతో నిలువుగా దులిపి, నీళ్లు ఇంజను వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో పోయండి. బయటి నుంచి కొడితే పొట్టు ఇంకా లోపలికి దిగుతుంది.

కోతలు అయ్యాక పొలాల్లోని ఎలుకలు వెచ్చదనం కోసం బానెట్‌లో చేరతాయి. ఉద్దానం కొబ్బరి తోటల దగ్గరైతే గూడంతా కొబ్బరి పీచే. సైలెన్సరు దగ్గర అది అంటుకుంటుంది కాబట్టి పూర్తిగా తీసేయాలి. అయితే పొడిగా చీపురుతో ఊడ్చకండి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది, చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. గ్లోవ్స్ వేసుకుని, గూడు మీదా రెట్టల మీదా డిసిన్ఫెక్టెంట్ ద్రావణం చల్లి పది నిమిషాలు ఆగి, పాత న్యూస్‌పేపర్‌తో ఎత్తి సంచిలో మూట కట్టండి. బ్లీచింగ్ నీళ్లు వాడితే అల్యూమినియం మీద నిలవనివ్వకండి, ఆ బ్లీచింగ్‌ని యాసిడ్‌తో కలిపే పని అసలే చేయకండి. తర్వాత వైర్ల మీద పళ్ల గాట్లు వెతకండి. లోపలి రాగి కనబడితే టేపు చుట్టి తప్పించుకోవద్దు, ఎలక్ట్రీషియన్ చేత సరిగ్గా అతికించుకోండి.

అద్దం కింద, వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది. దాని కింద వేపాకులు, మునగ పువ్వు, జీడి ఆకులు పేరుకుని నీటి కాలువ మూసుకుపోతుంది. అప్పుడు వాననీళ్లు ఏసీ బ్లోయరు గుండా కారులోపలికి దిగుతాయి. చేత్తో ఏరి పారేసి, గ్లాసు నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి. చాలామంది పట్టించుకోనిది ఇదొక్కటే. నా మట్టుకు మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే.

రుద్దడం, కడగడం

ముందు పొడి పని. పై నుంచి కిందికి పెయింటు బ్రష్షుతో దులుపుతూ రండి. ఇది సరిగ్గా చేస్తే సగం శుభ్రం అప్పుడే అయిపోతుంది. ఈ దశ వదిలేసి నీళ్లు పోస్తే దుమ్ము బురదై సందుల్లో అతుక్కుంటుంది.

మందుని నేరుగా ఇంజను మీద కొట్టకండి. బ్రష్షు మీద, గుడ్డ మీద కొట్టుకుని ఒక్కో జానెడు చోటు రుద్దండి. జిడ్డు ఎక్కువ ఉన్న చోట మూడు నుంచి ఐదు నిమిషాలు నాననివ్వండి, ఎండనివ్వకండి. కిందివైపు నుంచి మొదలుపెట్టి పైకి వస్తే, శుభ్రం చేసిన చోటి మీద చారలు కారవు. సెన్సర్ కనెక్టర్ల చుట్టూ టూత్‌బ్రష్షుతో పైపైన రుద్దాలి, క్లిప్పు విప్పి లోపల కడగకూడదు. రంగు వేసిన భాగాల మీద మందు పడితే వెంటనే తుడిచేయండి.

తర్వాత స్ప్రేయరుతో నీటి తుంపర. ధార కాదు. నాజిల్‌ని తిప్పి పొగమంచులా రానిచ్చి, అడుగు దూరం నుంచి, కప్పిన వాటి వైపు కాకుండా పక్కలకి చల్లండి. చల్లిన చోటల్లా వెంటనే ఇంకో చేత్తో గుడ్డ పెట్టి తుడవండి. షాపులో పనివాడి చేత చేయిస్తే ముందే చెప్పండి: "తమ్ముడూ, బానెట్ లోపల గన్ కొట్టొద్దు, తడిగుడ్డ పెట్టి తుడిచెయ్యి చాలు" అని. ఆ గన్ ఒత్తిడికి రబ్బరు సీళ్లు ఆగవు.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, నీలంగా, పచ్చగా పూసిన పొడికి వంటసోడా ఉంది. గ్లాసు నీళ్లలో ఒక పెద్ద చెంచా కలిపి టూత్‌బ్రష్షుతో రాస్తే బుసబుసమని పొంగుతుంది. పొంగడం ఆగేదాకా రాసి, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఒక్క చుక్క కూడా సెల్ మూతల్లోంచి లోపలికి పోకూడదు, లోపలి యాసిడ్ పాడవుతుంది. టెర్మినళ్లు బిగించాక పైన వాజలీన్ పలచగా రాయండి. కళ్లకి అద్దాలు పెట్టుకుని చేయండి.

బైకు మీద ఇదే పని చేసేటప్పుడు సైలెన్సరు కన్నాన్ని, తాళం చెవి రంధ్రాన్ని గుడ్డతో మూయండి. సిలిండర్ రెక్కల మధ్య బురద పేరుకుంటే వేడి బయటికి పోదు, దాన్ని పుల్లతో కాకుండా టూత్‌బ్రష్షుతో తీయండి. డిస్క్ బ్రేకు మీద జిడ్డు మందు పడకూడదు, పడితే బ్రేకు జారుతుంది.

ఆరబెట్టడం, స్టార్ట్ చేయడం

కప్పినవన్నీ తీయండి. ఒక్కో కవరూ ఫొటోలతో సరిచూసుకోండి. ఫిల్టరు ముక్కుకి కట్టిన సంచి మరిచిపోయి స్టార్ట్ చేస్తే అది లోపలికి పీల్చుకుపోతుంది. పొడిగుడ్డతో ఒత్తి, బ్లోయరు ఉంటే చల్లగాలి సందుల్లో కొట్టి, బానెట్ ఎత్తి గంటసేపు ఎండలో ఉంచండి. మబ్బుగా ఉంటే రెండు గంటలు.

మైనస్ టెర్మినల్ బిగించి స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి ఉంచి పది, పదిహేను నిమిషాలు ఐడిల్‌లో వదలండి. ఇంజను వేడికి మిగిలిన తడి పోతుంది. ఈ సమయంలో భుజం మీద తువ్వాలు, వేలాడే చీర చెంగు, వదులు లుంగీ ఇంజను దగ్గరికి రాకూడదు. బెల్టు పట్టుకుంటే రెప్పపాటులో లాగేస్తుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇంజను వణుకుతుంటే స్పార్క్ ప్లగ్గు గుంతలో నీళ్లు చేరి ఉండొచ్చు. చెక్ ఇంజన్ లైటు ఆగి ఆగి మెరుస్తుంటే వెంటనే ఆపేయండి. కాలని పెట్రోలు, సైలెన్సరు దారిలో పొగని శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని వేడెక్కించి పాడు చేస్తుంది. చల్లారనిచ్చి, మైనస్ తీసి, కాయిల్ క్లిప్పు విప్పి, 10 నంబరు బోల్టు తీసి కాయిల్‌ని నిటారుగా పైకి లాగండి. గుంతలోని నీటిని గుడ్డ ముక్క పుల్లకి చుట్టి ఒత్తి తీసి, బ్లోయరుతో గాలి కొట్టి, కాయిల్ రబ్బరు గొట్టాన్ని కూడా ఆరబెట్టి పెట్టండి. ప్లగ్గుని మాత్రం విప్పకండి, గుంతలోని నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. అసలు స్టార్టే కాకపోతే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టొద్దు. ఇంకో రెండు గంటలు ఎండలో ఉంచి ప్రయత్నించండి.

మెరుగు కావాలంటే ప్లాస్టిక్ కవర్లకి నీటి ఆధారిత డ్రెస్సింగ్ గుడ్డతో పలచగా రాయండి. బెల్టు, పుల్లీ, సైలెన్సరు మేనిఫోల్డు మీద పడితే ఒకచోట అరుపు, ఇంకోచోట పొగ. ఆయుధపూజ రోజు పసుపు కుంకుమలు ప్లాస్టిక్ కవరు మీదే పెట్టండి, ఇనుము మీద పెడితే వేడికి కాలి మరక నిలిచిపోతుంది. హారతి కర్పూరాన్ని బానెట్ మూసి, ముందు నుంచే తిప్పండి.

జిడ్డు నీళ్లు చెరువు గట్టు దగ్గరో కాలువలోనో పోయకండి. పని చేసే చోట నేల మీద బస్తాడు ఊక పరిస్తే ఆయిల్‌ని అదే పీల్చుకుంటుంది, తర్వాత పోగుచేసి సంచిలో కట్టేయొచ్చు.

రాత్రికి బండి కింద ఒక పాత న్యూస్‌పేపర్ పరిచి ఉంచండి. పొద్దున్న దాని మీద నల్లటి చుక్కలు ఉంటే ఇంజన్ ఆయిల్, ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్, రంగులేని నీళ్లయితే ముందురోజు ఏసీ వాడినప్పుడు మిగిలిన తడో, కడిగిన నీళ్లో. మొదటి రెండు రకాలు కనబడితే, మరక ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు శుభ్రంగా ఉన్న ఇంజను మీద టార్చి వేసి వెతకడం తేలిక.